హ్యాచ్‌బ్యాకా, సెడానా, చిన్న ఎస్‌యూవీనా: వైజాగ్‌లో ఉండేవాళ్లకి ఏది పనికొస్తుంది

కారు కొంటున్నాం, ఏది తీసుకోమంటారు అని ఎవరైనా అడిగితే నేను బడ్జెట్ సంగతి తర్వాత మాట్లాడతాను, ముందు ఇల్లు ఎక్కడో అడుగుతాను. వన్ టౌన్‌లోనో పూర్ణా మార్కెట్ వెనక సందుల్లోనో ఉండేవాళ్లకి పనికొచ్చే బండి వేరు, విశాలాక్షి నగర్‌లోనో ఆరిలోవలోనో కొండవాలు మీద ఉండేవాళ్లకి పనికొచ్చేది వేరు, మధురవాడలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టుకుని రోజూ హైవే మీద తిరిగేవాళ్ల సంగతి ఇంకో రకం. పేరుకి ఒకే ఊరు గానీ సముద్రం, కొండ, పోర్టు, ఇరుకు బజారు అన్నీ ఇక్కడే ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉండే బావగారు బ్రహ్మాండంగా ఉందన్న కారు ఇక్కడ మీ గేటు ర్యాంపు మీదే కింద గీరుకోవచ్చు.

ముందు ఒక లెక్క అర్థం చేసుకోవాలి, లేకపోతే మన మార్కెట్లో కార్లు ఎందుకు ఇలా ఉన్నాయో తెలియదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ ప్రకారం పొడవు 4 మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజిన్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకుండా ఉంటే పన్ను 18 శాతం. ఈ రెండింట్లో ఏది దాటినా 40 శాతం. చిన్న కారుకి తక్కువ పన్ను అన్న పద్ధతి అంతకుముందు నుంచీ ఉన్నదే, అందుకే డిజైర్ పొడవు 3995 మిల్లీమీటర్లు, నెక్సాన్ పొడవూ 3995 మిల్లీమీటర్లే, బాలెనో 3990. షోరూమ్‌లో పక్కపక్కన చూస్తే ఒకటి డిక్కీ విడిగా ఉన్న కారు (సెడాన్), ఒకటి ఎత్తు కారు (ఎస్‌యూవీ), ఒకటి చిన్న కారు (హ్యాచ్‌బ్యాక్) అనిపిస్తాయి గానీ మూడూ ఆ నాలుగు మీటర్ల లోపల కోసుకున్న ముక్కలే. కాబట్టి ఏది పెద్దది అని అడిగి లాభం లేదు. ఆ నాలుగు మీటర్లని ఎవరు దేనికి ఖర్చు పెట్టారు అని చూడాలి. నా దృష్టిలో డిజైన్ అంటే అదే. ముందు గ్రిల్, లైన్‌లా వెలిగే లైట్లు, వెనక అడ్డంగా ఎర్ర పట్టీ, ఇవన్నీ రోడ్డు మీద పక్కవాళ్లు చూసుకోడానికి. మనం రోజూ పట్టుకునేది తలుపు, కూర్చునేది సీటు, చూసేది అద్దం.

కిందటేడు మా అమ్మని తీసుకుని మూడు షోరూములు తిరిగాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా ఎప్పుడూ చీరే కడుతుంది. సెడాన్‌లో కూర్చోడానికి ముందు తల వంచి, తర్వాత ఒళ్లంతా కిందికి దింపి, చివర్లో కాళ్లు లోపలికి లాక్కోవాలి. కూర్చోడం వరకు సరే గానీ దిగేటప్పుడు కష్టమైంది, ఎడమ చేత్తో ముందు సీటు వెనక భాగం, కుడి చేత్తో తలుపు పైచట్రం పట్టుకుని, రెండుసార్లు ఊగి మూడోసారికి లేచింది. ఎత్తు ఎస్‌యూవీలో దానికి పూర్తి రివర్సుగా, గుమ్మంలా ఉన్న అంచు దాటించి కాలు పైకి పెట్టాలి. "ఏట్రా ఇది, బస్సెక్కినట్టు ఎక్కాలా" అంది. దిగేటప్పుడు చీర కుచ్చిళ్లు ఆ అంచుకి రాసుకున్నాయి, వానాకాలం ఆ అంచు నిండా బురదే ఉంటుంది కదా. తర్వాత వ్యాగన్ ఆర్ దగ్గరికి వెళ్తే ఏమీ అనలేదు. తలుపు తీసి, వెనక్కి తిరిగి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది. సీటు సరిగ్గా ఆవిడ నడుము ఎత్తులో ఉంది, అంతే తేడా.

వ్యాగన్ ఆర్ మన దేశంలోకి 1999 చివర్లో వచ్చింది, దానికి ఏడాది ముందు శాంత్రో. అప్పట్లో రెంటినీ చూసి డబ్బాలా ఉంది అన్నవాళ్లే ఎక్కువ, నేనూ అన్నాను. ఇప్పటి వ్యాగన్ ఆర్ పొడవు 3655, వెడల్పు 1620, ఎత్తు 1675 మిల్లీమీటర్లు, అంటే వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ. చూడ్డానికి అందంగా ఉండదని ఒప్పుకుంటాను. కానీ అంత తక్కువ చోటులో నలుగురు పెద్దవాళ్లని నిటారుగా, సుఖంగా కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు, ఆ లెక్క వేసినవాళ్ల మీద నాకు చాలా గౌరవం ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే తలుపు ఎంత తెరుచుకుంటుందో కూడా చూడండి. ఆల్ట్రోజ్, పంచ్ రెండింటికీ తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి, మామూలుగా కనిపించే విషయమే గానీ మోకాళ్లు వంగనివాళ్లకి కారులో ఉన్న ఏ ఫీచర్ కన్నా అదే ఎక్కువ. ఒక్క చిక్కు, తలుపు అంత తెరవాలంటే పక్కన అంత చోటు ఉండాలి, సెల్లార్‌లో రెండు స్తంభాల మధ్య పార్కింగ్ అయితే ఆ 90 డిగ్రీలు దక్కవు.

తలుపు పిడి సంగతీ చెప్పాలి. 2018లో వచ్చిన స్విఫ్ట్‌కి వెనక తలుపు పిడిని కనపడకుండా పైన, కిటికీ పక్కన నల్లటి భాగంలో పెట్టారు, రెండు తలుపుల కారులా కనిపించాలని. చూడ్డానికి నిజంగానే బాగుంది. కానీ చిన్న పిల్లలకి అందదు, పెద్దవాళ్లు పిడి ఎక్కడుందో వెతుక్కోవాలి. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో దాన్ని మళ్లీ మామూలు చోటికే తెచ్చారు.

డిక్కీ దగ్గర అందరూ లీటర్ల లెక్క చూసి మోసపోతారు. కాగితం మీద స్విఫ్ట్ 265, వ్యాగన్ ఆర్ 341, పంచ్ 366, డిజైర్ 382, నెక్సాన్ కూడా 382, కొత్త అమేజ్ 416 లీటర్లు. ఈ అంకెలు చూసి డిజైర్, నెక్సాన్ సమానం అనుకుంటే పొరపాటు. సెడాన్ డిక్కీ వెడల్పుగా, లోతుగా ఉంటుంది, పెద్ద సూట్‌కేసులు రెండు పడుకోబెట్టొచ్చు, కానీ పొడుగ్గా నిలబెట్టాల్సిన వస్తువు పట్టదు. ఎస్‌యూవీ డిక్కీ ఎత్తుగా ఉంటుంది, సీట్లు మడిస్తే ఫ్రిజ్ కాకపోయినా వాషింగ్ మెషీన్ పెట్టె దూరే అవకాశం ఉంది. ఇంకోటి, డిక్కీ అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూడండి. 26 కిలోల బియ్యం బస్తా తీసుకుని వెళ్లి పెట్టి చూడమంటే అందరూ వింతగా చూస్తారు గానీ నేను నిజంగానే చెప్తున్నాను. కొన్ని ఎత్తు కార్లలో ఆ అంచు దాదాపు నడుము దాకా వస్తుంది, బస్తా అక్కడి దాకా ఎత్తి, అంచు దాటించి, మళ్లీ లోపల గుంటలోకి దించాలి. తీసేటప్పుడు అదే పని వెనక్కి, అప్పుడే నడుము పట్టేస్తుంది.

సెడాన్‌కి మన ఊళ్లో ఒక ప్రత్యేకమైన లాభం ఉంది, అది ఏ కారు రివ్యూలోనూ కనపడదు. ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వంజరమో చందువో తెచ్చుకునే అలవాటు ఉన్నవాళ్లు ఈ మాట గుర్తు పెట్టుకోండి. హ్యాచ్‌బ్యాక్‌లోనూ ఎస్‌యూవీలోనూ డిక్కీకీ సీట్లకీ మధ్య ఉన్నది ఒక పలచని అట్ట మాత్రమే, ఐస్ కరిగి సంచి కాస్త కారిందంటే ఆ వాసన వారం రోజులు ఏసీలోంచి వస్తూనే ఉంటుంది. సెడాన్ డిక్కీ వేరే గది లాంటిది. భీమిలి వైపు నుంచి ఎండు చేపలు తెచ్చేవాళ్లకైతే ఇక చెప్పక్కర్లేదు.

సీఎన్‌జీ (గ్యాస్) బండి తీసుకుంటే ఈ డిక్కీ లెక్కంతా మారిపోతుంది. పెద్ద సిలిండర్ ఒకటి పెట్టిన కార్లలో చేతి సంచులు పెట్టడానికి చోటు మిగిలితే గొప్ప. టాటా వాళ్లు రెండు చిన్న సిలిండర్లు అడుగున పెట్టి పంచ్ సీఎన్‌జీలో 210 లీటర్లు మిగిల్చారు, ఈ విషయంలో మాత్రం వాళ్లు బుర్ర పెట్టి పని చేశారు.

ఇప్పుడు గేటు దగ్గరికి వద్దాం. ఎనిమిది అడుగుల గేటు అంటే సుమారు 2440 మిల్లీమీటర్లు. నెక్సాన్ వెడల్పు 1804, సైడ్ అద్దాలు కలపకుండా. అంటే రెండు పక్కలా కలిపి 64 సెంటీమీటర్లే మిగులుతుంది, అందులో అద్దాలకి పోగా ఒక్కో పక్క జానెడు. సందు వెడల్పుగా ఉండి నేరుగా లోపలికి వెళ్లగలిగితే పర్వాలేదు, ఇరుకు సందులోంచి అడ్డం తిప్పి లోపలికి పెట్టాలంటే రోజూ టెన్షనే. వ్యాగన్ ఆర్ అయితే అదే గేటులో 82 సెంటీమీటర్లు మిగులుతుంది. పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ వైపు తిరిగేవాళ్లు, జగదాంబ దగ్గర పార్కింగ్ వెతుక్కునేవాళ్లు ఈ 18 సెంటీమీటర్ల తేడాని తేలిగ్గా తీసుకోకండి.

కొండవాలు ఇళ్లవాళ్లకి గొడవ వేరే. అక్కడ ర్యాంపులు నిటారుగా ఉంటాయి, రోడ్డు కలిసే చోట ఒక విరుపు ఉంటుంది. డిజైర్ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) 163 మిల్లీమీటర్లు, పంచ్ 187, నెక్సాన్ 208. ఈ అంకె ముఖ్యమే, కానీ ఒక్క దాన్నే నమ్ముకోకండి. ముందు చక్రం నుంచి బంపర్ కొస దాకా ఎంత సాగి ఉంది అన్నదీ, రెండు చక్రాల మధ్య దూరం ఎంత అన్నదీ కలిపి చూస్తేనే ర్యాంపు మీద బండి గీరుకుంటుందో లేదో తెలుస్తుంది. మా పాత కారు ఖాళీగా ఉంటే హాయిగా ఎక్కేసేది, ఐదుగురు కూర్చుంటే మాత్రం ర్యాంపు పైఅంచు దగ్గర కింద గర్రుమని చప్పుడు వచ్చేది, అందుకే వెనక కూర్చున్నవాళ్లని గేటు బయటే దింపేసేవాణ్ణి. వాన పడుతుంటే అమ్మని దించడానికి మనసు ఒప్పేది కాదు. ఆ కారు మార్చడానికి అసలు కారణం అదే. కాబట్టి టెస్ట్ డ్రైవ్‌కి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని మీ గేటు దాకా తెచ్చి లోపల పెట్టి చూడండి.

అదే వాలులో గేర్ల సంగతి కూడా తేలిపోతుంది. మాన్యువల్ అలవాటు ఉన్నవాళ్లకి హ్యాండ్ బ్రేక్ మీద ఆపి క్లచ్ వదలడం వచ్చు, ఇబ్బంది లేదు. తక్కువ ధరలో దొరికే ఏఎంటీ ఆటోమేటిక్‌లో (మాన్యువల్ గేర్లనే మన బదులు బండి మార్చే రకం) మాత్రం హిల్ హోల్డ్ ఉందో లేదో తప్పకుండా అడగాలి. అది ఉంటే బ్రేకు మీద నుంచి కాలు తీశాక కూడా బండిని రెండు సెకన్ల పాటు పట్టి ఉంచుతుంది, లేకపోతే వెనక్కి జారుతుంది, వెనక ఆటో ఆనుకుని ఉంటుంది. ఎన్ఏడీ జంక్షన్ నుంచి హనుమంతవాక దాకా రోజూ ఆగుతూ కదులుతూ వెళ్లేవాళ్లకి ఆటోమేటిక్ కొనుక్కోమనే చెప్తాను. డబ్బు సరిపోతే ఏఎంటీ కన్నా సీవీటీ (మెట్లుమెట్లుగా గేర్లు లేకుండా బెల్టుతో నడిచేది) గానీ టార్క్ కన్వర్టర్ (ఆయిల్ ద్వారా శక్తిని చక్రాలకి పంపేది) గానీ మేలు, గేరు మారే చోట తల ముందుకి ఊగదు.

అరకు గురించి చెప్పకుండా వైజాగ్‌లో కారు సలహా పూర్తి కాదు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, అక్కడి నుంచి మలుపు మీద మలుపు. 1200 సీసీ మామూలు పెట్రోల్ ఇంజిన్‌తో ఐదుగురు, సామాను, ఏసీ పెట్టుకుని ఎక్కితే రెండో గేరు, మూడో గేరు మధ్య ఆడుతూ ఉండాలి. ఎక్కదని కాదు, ఎక్కుతుంది, కాకపోతే ఓపిక కావాలి. ఏడాదికి రెండుసార్లు వెళ్లేదానికి ఎక్కువ బలమున్న టర్బో ఇంజిన్ కోసం అప్పు చేయక్కర్లేదు, నెలనెలా వెళ్తే మాత్రం ఆలోచించండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, బ్రేకు మీద కాలు వేసి ఉంచితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఎలక్ట్రిక్ కారుకి దిగుడులో ఆ భారం చాలావరకు మోటారే మోసి బ్యాటరీని కాస్త నింపుకుంటుంది కూడా, దానికి జీఎస్టీ 5 శాతమే. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ చార్జింగ్ పాయింట్‌కి ఒప్పుకుందా లేదా ముందు తేల్చుకోండి, అది తేలకుండా అడ్వాన్స్ కట్టొద్దు.

ఘాట్‌లో నాకు బాగా తెలిసొచ్చినవి రెండు. మొదటిది కిటికీ. ఈమధ్య వచ్చే చాలా కార్లలో కిటికీ కింది అంచు వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తుంది. బయటి నుంచి చూస్తే బండి దూకుతున్నట్టు మంచి ఊపుగా ఉంటుంది. కానీ వెనక సీట్లో కూర్చున్న ఏడేళ్ల పిల్లకి కనిపించేది ప్లాస్టిక్ మాత్రమే. కళ్లకి మలుపు కనపడదు, ఒళ్లు మాత్రం ఊగుతుంది, కడుపులో తిప్పేది అందుకే. మా అన్నయ్య కూతురు ఒక స్టైల్ కారులో టైడా రాకముందే వాంతి చేసుకుంది, అదే పిల్ల మా పాత హ్యాచ్‌బ్యాక్‌లో బొర్రా దాకా కిటికీకి ముక్కు ఆనించి కబుర్లు చెప్తూ వచ్చింది. పిల్లలు ఉంటే వెనక సీట్లో మీరు కాదు, వాళ్లని కూర్చోబెట్టి ఏం కనపడుతోందో అడగండి. అదే డిజైన్ వల్ల వెనక అద్దం కూడా చిన్నదైపోతుంది. రివర్స్ కెమెరా ఉంది కదా అంటారు. వానలో దాని మీద బురద పడ్డాక ఏం కనపడుతుందో ఒకసారి చూడండి.

రెండోది బటన్లు. మేం అద్దెకి తీసుకున్న ఒక కారులో ఏసీ మొత్తం టచ్ స్క్రీన్‌లోనే ఉంది. అనంతగిరి దగ్గర వాన పట్టుకుంది, రెండు నిమిషాల్లో ముందు అద్దం లోపలి వైపు పాలు పోసినట్టు తెల్లగా అయిపోయింది. అద్దం మీదికి గాలి కొట్టించే బొమ్మ స్క్రీన్‌లో ఎక్కడుందో వెతకాలంటే కళ్లు రోడ్డు మీద నుంచి తీయాలి, తీస్తే ఎదురుగా బస్సు వస్తుందేమోనని భయం. పక్కన కూర్చున్న మా ఆవిడ కండువాతో అద్దం తుడుస్తుంటే మెల్లగా వెళ్లి పక్కకి ఆపాను. చేత్తో తడిమి తిప్పే గుండ్రటి మీట ఉంటే అర సెకను పని. ఇది మన ఒక్కరి బాధ కాదు, యూరప్‌లో కార్ల భద్రత పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్, వైపర్, హారన్ లాంటివాటికి విడిగా మీటలో బటన్లో ఉంటేనే పూర్తి మార్కులని నియమం పెట్టింది. (పనిలో పని, అద్దం లోపల పొగమంచు పడితే ఏసీ వేసి అద్దం మీదికి కొట్టించాలి. మన సముద్రపు గాలికి తెల్లవారుజామున అద్దం బయట పడితే వైపర్ వేసి ఏసీ చల్లదనం తగ్గించాలి. చాలామంది రెండింటికీ ఒకటే చేసి ఇంకా ఎక్కువ చేసుకుంటారు.)

ఉప్పుగాలి గురించి షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. బీచ్ రోడ్ నుంచి రుషికొండ, భీమిలి దాకా సముద్రం పక్కన ఉండేవాళ్ల కార్లకి తుప్పు ముందు పైన కనపడదు. తలుపు తెరిచి కింది అంచు లోపలి వైపు వేలు పెట్టి తడమండి, అక్కడ నీళ్లు పోవడానికి చిన్న చిన్న కన్నాలు ఉంటాయి, వాటి చుట్టూ రంగు ఉబ్బినట్టు చేతికి తగిలితే లోపల తుప్పు మొదలైనట్టే. సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడు నేను ఇంజిన్ కన్నా ముందు చూసేది ఇదే. తర్వాత చక్రం పైనున్న వంపు లోపలి అంచు, స్టెప్నీ కింద గుంట. ఆ నీటి కన్నాలని మూసేసేలా కోటింగ్ కొట్టించుకోవద్దు, మా మొదటి కారుకి ఒక వర్క్‌షాప్‌లో అలా కొట్టేస్తే నీళ్లు లోపలే నిలిచి మూడేళ్లకే తలుపు అడుగు తినేసింది. వారానికోసారి కింది భాగం మంచినీళ్లతో కడగడం అన్ని కోటింగుల కన్నా నయం. చక్రాల చుట్టూ నల్లటి ప్లాస్టిక్ తొడుగు ఉన్న ఎస్‌యూవీ తరహా కార్లకి చిన్న గీతలు, రాళ్ల దెబ్బలు పెయింట్ దాకా వెళ్లవు, అది నిజమైన లాభమే.

రంగు విషయంలో పోర్టు బొగ్గు పొడి పడే వైపు ఉంటే తెలుపు మీద ఆశ వదులుకోండి, సిల్వరో బూడిద రంగో అయితే రోజూ తుడవక్కర్లేదు. మిగతా చోట్ల మే నెల ఎండకి తెలుపే హాయి. లోపల పూర్తి నలుపు సీట్లు వద్దంటాను, మాపు కనపడదు గానీ మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటే తెలుస్తుంది. సన్‌రూఫ్ నాకైతే అక్కర్లేదు. ఆ డబ్బుతో వెనక ఏసీ ఉన్న వేరియంట్ తీసుకోండి.

టైర్లు, ఒక్క ముక్క. పెద్ద అల్లాయ్ చక్రం అందంగా ఉంటుంది కానీ రోడ్డు గుంట దెబ్బని తినేది రబ్బరు గోడ. 185/65 ఆర్15 టైరుకి ఆ గోడ 120 మిల్లీమీటర్లు, 215/60 ఆర్16కి 129. కొనే ముందు టైరు మీది మొదటి రెండు అంకెలూ గుణించి 100తో భాగించి చూసుకోండి, 100 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే మన రోడ్లకి వద్దు.

భద్రత మీద బేరం ఆడొద్దు. 2018లో నెక్సాన్ మన దేశపు కార్లలో మొదటిసారి గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో 5 నక్షత్రాలు తెచ్చుకుంది, 2024లో డిజైర్ కూడా తెచ్చుకుంది, అంటే ఇప్పుడు ఎస్‌యూవీ అయితేనే గట్టిది అన్న మాట చెల్లదు. 2023 అక్టోబర్ నుంచి మనకి అలాంటి సొంత పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ ఉంది, మీరు చూసే కారు పేరు అందులో ఉందో లేదో చూడండి.

ఇక ఎవరికి ఏది అంటే, పాత ఊళ్లో ఇరుకు సందు, ఇంట్లో పెద్దవాళ్లు, రోజూ పది పదిహేను కిలోమీటర్ల తిరుగుడు అయితే ఎత్తు హ్యాచ్‌బ్యాక్, రెండో మాట లేదు. ఇల్లు చదునైన చోట ఉండి, పండక్కి శ్రీకాకుళమో రాజమండ్రో సామానుతో హైవే మీద వెళ్తూ, స్టేషన్‌కీ ఎయిర్‌పోర్టుకీ చుట్టాల్ని దింపే ఇల్లయితే చిన్న సెడాన్, హైవే మీద దాని నిలకడ ఎత్తు కార్లకి రాదు. కొండవాలు ఇల్లు, నిటారు ర్యాంపు, అరకు, లంబసింగి తిరిగే అలవాటు ఉంటే నాలుగు మీటర్ల ఎస్‌యూవీ, అందులోనూ కిటికీలు పెద్దగా, తలుపులు బాగా తెరుచుకునేది చూసుకోండి. క్రెటా సైజు బండి, 4330 మిల్లీమీటర్ల పొడవు, 40 శాతం పన్ను, వెనక ముగ్గురు పెద్దవాళ్లు తరచూ కూర్చునే ఇంటికే న్యాయం. మిగతావాళ్లు ఖాళీ సీట్లకి పన్ను కడుతున్నట్టు.

మేం చివరికి పంచ్ తీసుకున్నాం. హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇంకాస్త పికప్ ఉంటే బాగుండు అనిపిస్తుంది, అది తెలిసే కొన్నాను. ఇప్పుడు వానలో కూడా ఐదుగురమూ కారులోనే కూర్చుని ర్యాంపు ఎక్కుతున్నాం, అమ్మ తలుపు పూర్తిగా తీసుకుని పైచట్రం పట్టుకోకుండా దిగుతోంది.